ఖాళీ గంట

పోయిన నెల ఒక శనివారం మధ్యాహ్నం జెస్సీ ఫోన్ చేసింది. మిషిగన్‌లోని ఫార్మింగ్టన్ హిల్స్‌లో మా తెలుగు క్రైస్తవ సంఘానికి ఇప్పుడు ఆ అమ్మాయే సెక్రటరీ. ఇక్కడే పుట్టి పెరిగింది. సంఘం కొత్త హాలుకి మారుతోంది. పాత హాలు బేస్‌మెంట్‌లో బీరువా ఖాళీ చేస్తుంటే చుట్టచుట్టిన చార్టు ఒకటి బయటపడిందట.

"అంకుల్, హ్యాండ్‌రైటింగ్ మీదే అంటున్నారు అందరూ. స్కేల్ పెట్టి ఇంత స్ట్రెయిట్‌గా లైన్స్ గీసేది మీరేనంట."

"నేనేనమ్మా."

"ట్వెంటీ ఫోర్ బాక్సెస్ ఉన్నాయి. ట్వెంటీ త్రీలో నేమ్స్ ఉన్నాయి. సండే ఫోర్ టు ఫైవ్‌లో మాత్రం ఒక నేమ్ కొట్టేసి, కింద పిజ్జా బొమ్మ ఉంది. ఒక స్లైస్ కట్ చేసినట్టు. నేను ఇది ఫ్రేమ్ కట్టించి, కింద నీట్‌గా టైప్ చేయిస్తున్నా. ఆ బాక్స్‌లో ఎవరి పేరు వెయ్యను?"

తర్వాత చెప్తానన్నాను. వారం గడిచింది. రెండుసార్లు మెసేజ్ పెట్టింది. ఇరవై నాలుగు గళ్ళలో ఒక గడికి నెల రోజుల్లో జవాబు చెప్పలేని మనిషిని కాను నేను. స్కూలు బస్సుల టైమ్‌టేబుళ్ళు వేయడం నా ఉద్యోగం. ఏ పిల్ల ఏ మలుపు దగ్గర ఎన్ని గంటల ఎన్ని నిమిషాలకి బస్సెక్కాలో నేను చెప్పిన ప్రకారమే జరుగుతుంది. ఈ విద్య నాకు ఏ కాలేజీ నేర్పలేదు. మా పెద్దనాన్న ప్రార్థనలకి టైము చూస్తూ చూస్తూ నేర్చుకున్నాను. అందుకే ఆ గడి గురించి చెప్పాలంటే ముందు పెద్దనాన్న గురించి చెప్పాలి, ఆయన గురించి చెప్పడం ఫోన్లో అయ్యే పని కాదు.

మా అమ్మ పోయాక, నాకు పద్నాలుగో ఏట, పెద్దమ్మా పెద్దనాన్నా దత్తత కాగితాలు రాయించి నన్ను బాపట్ల నుంచి మిషిగన్ తెచ్చుకున్నారు. పెద్దమ్మ మా అమ్మకి సొంత అక్క. పెద్దనాన్న కార్ల సీటుబెల్టులు చేసే ఫ్యాక్టరీలో పనిచేసేవారు. బకిల్ పెట్టడం, తీయడం, మళ్ళీ పెట్టడం, అది ఎన్నిసార్లకి అరిగిపోతుందో చూడడం, ఇదీ ఆయన పని. మనిషి మహా నెమ్మది. అన్నం తినడం నెమ్మది, బూట్లు విప్పడం నెమ్మది, కారు నడపడం మరీ నెమ్మది. ఆ ఇంటి వాసన ఇప్పటికీ నా కోటుకే అంటుకుని ఉన్నట్టుంటుంది: గుమ్మం దగ్గర వరసగా ఆరబెట్టిన మంచు బూట్ల తడివాసన, అలమరలో కలరా ఉండలు, గ్యారేజీలోంచి వచ్చే చేపల వేపుడు పొగ. ఇంట్లో వేపితే పొగ అలారం అరుస్తుందని పెద్దమ్మ గ్యారేజీలో ఒక చిన్న స్టవ్ పెట్టించుకుంది. చలికాలం కోటూ, చేతులకి గ్లవ్సూ, తలకి మఫ్లరూ చుట్టుకుని, అట్లకాడ పట్టుకుని, చేపలకీ కారుకీ మధ్య నిలబడి ఉండేది.

ఆ కారులోనే పెద్దనాన్న పొద్దున్నే కూర్చుని, గ్యారేజీ తలుపు పైకెత్తి, ఇంజను వేసి, ప్రయాణ ప్రార్థన మొదలుపెట్టేవారు. ఆయన పని పదిహేను నిమిషాల దూరం. ప్రార్థన దానికన్నా ఎక్కువ దూరం పోయేది. కొత్తగా వచ్చిన పక్కింటాయన మూడు రోజులు కిటికీలోంచి చూశాడట. నాలుగో రోజు, పాపం ఈ ముసలాయన కారు కదలడం లేదనుకుని, బ్యాటరీకి తగిలించే కేబుళ్ళు భుజాన వేసుకుని మంచులో నడిచి వచ్చాడు. పెద్దనాన్న కళ్ళు తెరవలేదు. అద్దం దించి ఆయన చేయి పట్టుకున్నారు. ఆయన్ని కూడా ప్రార్థనలో కలుపుకున్నారు. తెలుగు ప్రార్థనలో ఆ అమెరికాయన కేబుళ్ళతో సహా పదకొండు నిమిషాలు నిలబడ్డాడు. నేను స్కూలు బస్సు కోసం ఎదురుచూస్తూ లెక్కపెట్టాను.

లెక్కపెట్టడం అలాగే అలవాటైంది. పెద్దనాన్న ప్రార్థన సృష్టి దగ్గర మొదలయ్యేది. భూమ్యాకాశాలు అయ్యాక దేశాలు, దేశాధ్యక్షులు, మిషిగన్ గవర్నరు, రోడ్ల మీద మంచు తోసే లారీల డ్రైవర్లు, ఆకాశంలో ప్రయాణించేవారు, సముద్రంలో ప్రయాణించేవారు వచ్చేవారు. ఆ తర్వాత హెచ్-వన్ వీసా వాళ్ళు: అప్లై చేసినవారు, పెండింగ్‌లో ఉన్నవారు, క్వెరీ వచ్చినవారు, స్టాంపింగ్‌కి ఇండియా వెళ్ళి ఇరుక్కున్నవారు, ఒక్కో వర్గానికి విడివిడిగా. చివరికి వడ్డించి ఉన్న భోజనం. ఈలోగా అది చల్లారి ఉండేది. మా సంఘంలో ఆడవాళ్ళు అన్నం హాట్‌బాక్సుల్లో తెచ్చి, ఆమేన్ వినిపించేదాకా మూత మీద చేయి తీసేవారు కాదు. నేను నోటుపుస్తకంలో రాసుకునేవాణ్ణి. మామూలు ఆదివారం పంతొమ్మిది నిమిషాలు. బిర్యానీ ఉన్నరోజు ఇరవై ఆరు. ఎవరిదో బాబు మొదటి పుట్టినరోజున నలభై మూడు నిమిషాలు, కొవ్వొత్తి కరిగి కేకులో కలిసిపోయింది. సగటు అనే మాట తెలియకముందే సగటు కట్టాను. నా పిచ్చి చూసి పెద్దనాన్నే ఫ్యాక్టరీ నుంచి ఒక పాత లెక్కింపు యంత్రం తెచ్చి ఇచ్చారు, బొటనవేలితో నొక్కితే ఒక అంకె పెరిగేది. నేను లెక్కపెడుతున్నది తన ప్రార్థనలేనని ఆయనకి తెలుసో లేదో ఇప్పటికీ తెలియదు.

నాకు పదిహేడేళ్ళప్పుడు ఆయన గొంతు బొంగురుపోయింది. స్వరపేటిక మీద చిన్న గడ్డ ఉందన్నారు. చెడ్డదేం కాదు గానీ తీసెయ్యాలి; తీశాక మూడు వారాలు ఒక్క మాట కాదు, గుసగుస కూడా పనికిరాదు; ఆ తర్వాత మాట వస్తుందా, వస్తే ఎంత వస్తుందన్నది అప్పుడే తేలుతుంది అన్నాడు డాక్టరు. ఆపరేషన్ కాగితాల ముందు పెన్ను పట్టుకుని పెద్దనాన్న చాలాసేపు కూర్చున్నారు.

"మాటే పోతే నేను ప్రార్థన ఎలా చేసేదే?" అన్నారు.

"దేవుడికి చెవుడేం లేదు గానీ, ముందు సంతకం పెట్టండి," అంది పెద్దమ్మ.

ఆయన నవ్వలేదు. మరుక్షణం సంతకం పెట్టారు గానీ, ఆ ప్రశ్న హాస్పిటల్ నుంచి మా కారెక్కి ఇంటికి వచ్చింది. ఆయనకి పోయేది ఉద్యోగం కాదు, బకిళ్ళు పరీక్షించడానికి గొంతు అక్కర్లేదు. కానీ ఆయన పొద్దున లేచేదే ప్రార్థన కోసం.

మూడు వారాల మౌనంలో ఆయనకి రెండు వస్తువులు సాయం. ఒకటి ఎవరింటి గ్యారేజీ సేల్‌లోనో పాతసామాన్లలో కొన్న గంట, హోటల్ కౌంటర్ల మీద ఉంటుందే, తడితే టింగ్ మనేది. ఒక టింగ్ అంటే మంచినీళ్ళు, రెండు కాఫీ, మూడు వెంటనే రండి. ఈ పట్టిక కూడా నేనే రాసి గోడకి అంటించాను. రెండోది పిల్లలు ఆడుకునే మేజిక్ పలక. దాని మీద పుల్లతో రాసి, పైనున్న ప్లాస్టిక్ కాగితం ఎత్తితే చర్రుమని అంతా చెరిగిపోయేది.

ఆయన మాట్లాడి చూడాల్సింది ఒక సోమవారం. ముందు శని ఆదివారాల్లో ఆయన గొంతు కోసం గొలుసు ప్రార్థన పెడదామని పాస్టర్ గారు ప్రకటించారు. ఇరవై నాలుగు గంటలు, గంటకొకరు, ఎక్కడా తెగకుండా. ప్రకటన అయీ అవగానే ముందు వరసలో ఏడేళ్ళ బన్నీ చేయెత్తాడు.

"పాస్టర్ అంకుల్, ఫుల్ వాయిస్ రావాలని ప్రే చెయ్యాలా? హాఫ్ చాలా?"

వాళ్ళమ్మ తొడపాశం పెట్టింది. ఎవరూ నవ్వలేదు. నవ్వకుండా ఉండటానికి అందరూ పాటల పుస్తకాలు తెరిచారు. ఆ వెంటనే గళ్ళన్నీ నిండిపోయాయి. ఇరవై నాలుగు పేర్లకి తొమ్మిది నిమిషాలు పట్టింది, అరిజోనాలో చాండ్లర్‌కి, టెక్సస్‌లో కాపెల్‌కి మారిపోయిన పాతవాళ్ళకి చేసిన ఫోన్లతో సహా. మనసులో ఏదో తప్పున్నవాళ్ళే అంత త్వరగా పేర్లిస్తారని నాకు అప్పుడే అనిపించింది. నేనూ ఆ బాపతే.

చార్టు నా చేతికి వచ్చింది. నా జీవితంలో మొదటి టైమ్‌టేబుల్ అది. నియమాలు కూడా నేనే రాశాను, ఎర్ర పెన్నుతో. గంట పూర్తయినవారు తర్వాతివారికి ఫోన్ చేసి "వందనాలు, గొలుసు మీ చేతికి" అనాలి. అవతలివారు "ఆమేన్, అందుకున్నాను" అన్నాకే ఫోను పెట్టాలి. ఒకరే వరసగా రెండు గంటలు చేయకూడదు, ఎందుకంటే కునుకు పడుతుంది. ఎవరి కోసం ప్రార్థన జరుగుతుందో వారు గొలుసులో ఉండకూడదు. ఈ ఆఖరి నియమం ఎందుకు పెట్టానో ఇప్పుడు చెప్పలేను. లెక్కలో ఒకే అంకెని రెండుచోట్ల వేసినట్టవుతుందని అనుకున్నాననుకుంటాను.

అది మార్చి నెల. అమెరికాలో గడియారాలు ఒక గంట ముందుకి జరిపే ఆదివారం సరిగ్గా అదే. శనివారం ఆరు నుంచి ఆదివారం ఆరు దాకా పెడితే ఇరవై మూడు గంటలే వస్తాయని పాస్టర్ గారు సహా ఎవరికీ తట్టలేదు. నాకు తట్టింది. చివరి గంటని ఏడు దాకా జరిపాను. "వీడి బుర్ర చూశారా!" అన్నారు పాస్టర్ గారు. ఆ మెచ్చుకోలు తలకెక్కి మూడు రోజులు నేల మీద నడవలేదు.

ఆదివారం సాయంత్రం మూడు నుంచి నాలుగు పెద్దమ్మది. నాలుగు నుంచి ఐదు చాండ్లర్ కరుణ ఆంటీది. ఐదు నుంచి ఆరు కాపెల్ జాన్ అంకుల్‌ది. ఆ తర్వాత అందరూ మా ఇంటికి వచ్చి, పాస్టర్ గారి ప్రార్థనతో ముగించి, భోంచేయాలి. నలభై మందికి చికెన్ గ్యారేజీలో సన్నని సెగ మీద ఉంది. నాలుగింటికి పెద్దమ్మ కొంగు సర్దుకుంటూ గదిలోంచి వచ్చి కరుణ ఆంటీకి ఫోన్ కలిపింది. నేను చార్టు పట్టుకుని పక్కన నిలబడ్డాను. అవతల ఆన్సరింగ్ మెషీన్ ఎత్తుకుంది. కరుణ ఆంటీ గొంతే, రికార్డు చేసింది: "ప్రైజ్ ద లార్డ్! మేము ప్రస్తుతం ఇంట్లో లేము. మీ పేరు, నంబర్ చెప్పండి. గాడ్ బ్లెస్ యూ." తర్వాత బీప్.

"వందనాలు కరుణా, గొలుసు నీ చేతికి," అంది పెద్దమ్మ. ఆగింది. ఇంకా ఆగింది. "ఏమిట్రా, ఆమేన్ అనదే?"

"అది మెషీన్ పెద్దమ్మా."

"ప్రైజ్ ద లార్డ్ అనడం వచ్చుగా దానికి, ఆమేన్ అనడానికేం రోగం?"

"మనిషి లేదు పెద్దమ్మా. ఇంట్లో లేరు."

"నాలుగింటికి ఉంటానంది కదరా!"

అప్పుడు తట్టింది నాకు. అరిజోనాలో గడియారాలు జరపరు. అక్కడ ఎండే ఎక్కువ, వాళ్ళకి సాయంత్రం వెలుతురు ఇంకో గంట అక్కర్లేదు. శనివారం దాకా మాకూ వాళ్ళకీ రెండు గంటల తేడా; ఆదివారం పొద్దున్నుంచి మూడు. నేను ఆంటీకి "మీ టైము రెండింటికి" అని చెప్పాను. ఇప్పుడు అక్కడ ఒంటిగంట. ఆంటీ చర్చి భోజనాల్లో ఉంది.

"మన గడియారాలు జరిపితే వాళ్ళు ఎందుకు జరపరు? వాళ్ళేమన్నా వేరే దేశమా?" అంది పెద్దమ్మ.

"జరపరు పెద్దమ్మా. అంతే."

"మరి నీకు తెలియదూ?"

నేను ఫోను అందుకున్నాను. కాపెల్ జాన్ అంకుల్ సెల్‌ఫోన్‌కి చేశాను. ఆయనది వరంగల్.

"ఏందిరా సామేలు, నాది ఐదుకి గదా? ఇప్పుడు స్టోర్ పార్కింగ్‌ల ఉన్న. కార్‌లనే చేస్త అంటే చేస్త గానీ, పిల్లలు వెనక కొట్టుకుంటున్నరు, వినిపిస్తుందా? ఏయ్, దాని జుట్టు వదులు! ఒక ఇర్వై నిమిషాలు ఆగుతవా?"

గొలుసు ఇరవై నిమిషాలు ఆగదు. అప్పటికే ఆరు నిమిషాలు తెగి ఉంది. పెద్దమ్మ కళ్ళద్దాలు మళ్ళీ పెట్టుకుంది.

"నేనే ఇంకో గంట చేస్తాలేరా. చికెన్ సంగతి నువ్వు చూడు."

"ఒకరే రెండు గంటలు చెయ్యకూడదు పెద్దమ్మా. రూలు."

"రూలు రాసింది నువ్వేగా! చెరిపెయ్!"

"పెన్నుతో రాశాను."

ఆ మాట నిజంగా అన్నాను. పెద్దమ్మ నన్ను చూసిన చూపు ఇప్పటికీ గుర్తుంది. "అయితే నువ్వే చెయ్యరా, తప్పు నీదేగా!" అని నా భుజం పట్టి కిందికి నొక్కింది. గిన్నెలు కడిగే మెషీన్ పక్కన మోకాళ్ళ మీద పడ్డాను. నేను అంతవరకు పైకి ప్రార్థన చేసినవాణ్ణి కాను, చేసినవాళ్ళని లెక్కపెట్టినవాణ్ణి. కళ్ళు మూసుకుని, "ప్రభువా, ఇప్పుడు సమయం నాలుగు గంటల తొమ్మిది నిమిషాలు..." అన్నాను. ఆ తర్వాత ఏమీ రాలేదు. ఆయన మాట రేపు వస్తుందో రాదో నా చేతిలో ఉన్న ఈ గంట మీద ఆధారపడి ఉందని నేను నిజంగా నమ్మాను. అంత నమ్మినవాడికి కూడా రెండో వాక్యం దొరకలేదు.

ముందుగదిలోంచి టింగ్ వినిపించింది. మళ్ళీ టింగ్.

"రెండు, కాఫీ," అంది పెద్దమ్మ ఏడుపుగొంతుతో. "ఇప్పుడా కాఫీ!"

మూడోది మోగింది. ఇద్దరం పరిగెత్తాం. పెద్దనాన్న కిటికీ దగ్గర కుర్చీలో కూర్చుని పలక ఎత్తి చూపించారు: "గంట నాకివ్వండి."

"మీ ముందే ఉందిగా అండీ!" అంటూ పెద్దమ్మ కౌంటర్ గంటని ఆయన చేతి కిందికి తోసింది. ఆయన తల అడ్డంగా ఊపారు. కాగితం ఎత్తి చెరిపి, మళ్ళీ పెద్ద అక్షరాలతో "గంట" అని రాసి కింద గీత గీశారు. పెద్దమ్మ అలమర తెరిచి, కలరా ఉండల మధ్యలోంచి క్రిస్మస్ చెట్టుకి కట్టే చిన్న గంటలు గుత్తి తెచ్చి ఒళ్ళో పెట్టింది. అవీ కాదన్నారు. "ఇంకే గంటండీ? చర్చి గంటా? అది ఫార్మింగ్టన్ హిల్స్‌లో నేనెక్కడ తెచ్చేది!" పెద్దనాన్న ఓపిగ్గా చెరిపి, ఒక గుండ్రం గీసి, మధ్యలోంచి రెండు గీతలు గీసి చూపించారు.

"ఇదేమిటి? దోసె?" అంది పెద్దమ్మ. "ఆకలేస్తోందా?"

గీతలు నాలుగు అంకె ఉండాల్సిన చోటా, ఐదు ఉండాల్సిన చోటా ఆగాయి. అది గడియారం. ఆయన అడుగుతున్నది మోగే గంట కాదు, చార్టులో ఖాళీ అయిన గంట.

"పెద్దనాన్నా, మీరు మాట్లాడకూడదు," అన్నాను.

"తెలుసు" అని రాశారు.

"మీ కోసం చేసేది మీరే చెయ్యకూడదని రూలు..."

ఆయన నా చొక్కా జేబులోంచి పెన్ను తీసుకున్నారు. నా చేతిలోని చార్టు మోకాళ్ళ మీద పరుచుకుని, ఆఖరి నియమాన్ని నెమ్మదిగా, నిటారుగా, బకిల్ పరీక్షించినంత శ్రద్ధగా కొట్టేశారు. తర్వాత పలక ఒళ్ళో పెట్టుకుని కిటికీ వైపు తిరిగారు. బయట పేరుకున్న మంచు కరిగి చూరునుంచి కారుతోంది. పెద్దమ్మ చికెన్ దగ్గరికి పోయింది. నేను పక్కన స్టూలు మీద కూర్చుని, అలవాటు కొద్దీ లెక్కింపు యంత్రం జేబులోంచి తీశాను.

ఆయన మొదట రాసిన పేరు కరుణ. రాసి, దాన్ని చూస్తూ కూర్చున్నారు. దాదాపు నిమిషం. చర్రుమని కాగితం ఎత్తారు. తర్వాత జాన్. చర్రు. జాన్ పిల్లల పేర్లు, ఒక్కొక్కటి విడిగా. చర్రు. బన్నీ దగ్గర ఆయన భుజాలు కదిలాయి, నవ్వుతున్నారని తెలిసింది. పాస్టర్ గారు. కేబుళ్ళు తెచ్చిన పక్కింటాయన. ఫ్యాక్టరీలో ఎవరో, నాకు తెలియని పేర్లు. ఆయన ప్రార్థిస్తుంటే గడియారం చూసినవాళ్ళు, హాట్‌బాక్సు మూత సవరించినవాళ్ళు, పిల్లాడికి డైపర్ మార్చాలని బయటికి పోయి తిరిగి రానివాళ్ళు అందరూ వచ్చారు. నాకు అప్పుడు తెలిసిందేమిటంటే, ఈ పేర్లన్నీ నేను ముందే విన్నాను. ప్రతి ఆదివారం, ఆ పంతొమ్మిది నిమిషాల్లో, ఇరవై ఆరు నిమిషాల్లో ఇవే ఉండేవి. నేను నిమిషాలు రాసుకున్నాను, పేర్లు వినలేదు.

ముప్పై పేర్లు దాటాక ఆయన "నిర్మల" అని రాశారు. మా అమ్మ పేరు. పోయినవాళ్ళ కోసం ప్రార్థించడం మనకి లేదని సండే స్కూల్లో మాకు నేర్పింది ఆయనే. ఆయన కూడా ఆ పేరు చూసి తటపటాయించినట్టు నాకనిపించింది. కాగితం ఎత్తలేదు. కాసేపాగి పేరు కిందే "స్తోత్రం" అని రాశారు. అడగడానికేమీ లేదు, ఇచ్చినందుకు కృతజ్ఞత అంతే. అది చెరపకుండా చాలాసేపు ఉంచారు. ఎంతసేపో నేను చూడలేదు. యంత్రం నా చేతిలో ముప్పై మూడు దగ్గర ఆగిపోయింది. ఆ తర్వాత పేర్లు రాశారు గానీ నేను నొక్కలేదు. నా పేరు వచ్చిందని మాత్రం చెప్పగలను. ఆయన గొంతు గురించి ఒక్క అక్షరం కూడా రాయలేదని చెప్పగలను.

ఐదింటికి ఆయనే గంట మోగించారు, ఒకే టింగ్. మంచినీళ్ళు తెచ్చాను. ఆయన చార్టు తీసుకుని, కరుణ ఆంటీ పేరు కొట్టేసి, ఆ గడిలో తన పేరు వేయబోయి, ఎందుకో ఆగి, గుండ్రం గీసి నాలుగు దగ్గరా ఐదు దగ్గరా రెండు గీతలు గీశారు. అదే సమయానికి ఫోన్ మోగింది. "ప్రైజ్ ద లార్డ్ సామేలూ, నేను రెడీ, ఫోను మీ పెద్దమ్మకివ్వు, గొలుసు అందుకుంటాను," అంది కరుణ ఆంటీ. నేను చెప్పేలోపల రెండో లైను మీద జాన్ అంకుల్: "పిల్లలని పండుకోబెట్టిన. ఇగ ఇయ్యి గొలుసు." ఇద్దరికీ ఇచ్చేశాను. ఆ గంట చాండ్లర్‌లోనూ కాపెల్‌లోనూ ఒకేసారి ప్రార్థన జరిగింది. చార్టులో ఒక గంట ఖాళీ, ఒక గంట డబుల్, మొత్తం ఇరవై నాలుగు. ఇంత తప్పుల లెక్క ఇంత చక్కగా సరిపోవడం నా వృత్తిలో మళ్ళీ చూడలేదు.

సోమవారం డాక్టరు చిన్న లైటు వేసి గొంతులోకి చూసి, "ఆ" అనమన్నాడు. పెద్దనాన్న "ఆ..." అని ఆగి, ఊపిరి పీల్చుకుని, "...మేన్" అన్నారు. ఆయన ప్రార్థనల్లో ఎప్పుడూ అందరికన్నా ఆలస్యంగా వచ్చే మాట అదే. పెద్దమ్మ అక్కడే కూర్చుని మఫ్లరుతో కళ్ళు తుడుచుకుంది.

మాట వచ్చింది గానీ, సన్నగా, నీళ్ళు కాగే కెటిల్‌లా వచ్చింది. నాలుగు నిమిషాలకి మించి నిలిచేది కాదు. తర్వాతి ఆదివారం భోజనానికి ముందు ఆయన్నే ప్రార్థించమన్నారు. సృష్టి లేదు, గవర్నరు లేడు. మూడు నిమిషాల యాభై సెకన్లలో ఆమేన్ అన్నారు. ఎవరూ కళ్ళు తెరవలేదు. హాట్‌బాక్సుల మూతలు తీయలేదు. అన్నం పొగలు కక్కుతోంది. ఇన్నాళ్ళుగా అందరూ కోరుకున్నది ఇదే, ఇప్పుడు ఏం చేయాలో ఎవరికీ తెలియలేదు.

"అయిపోయిందా?" అన్నాడు బన్నీ. "దట్స్ ఇట్?"

వాళ్ళమ్మ ఈసారి తొడపాశం పెట్టలేదు. నేను మళ్ళీ కళ్ళు మూసుకున్నాను. జాన్ పిల్లల పేర్లు గుర్తుచేసుకుంటున్నాను, ఒక్కొక్కటి విడిగా. మిగతావాళ్ళు మనసులో ఎవరిని తలచుకుంటున్నారో తెలియదు. నలభై మంది వేడి అన్నం ముందు అలా నిలబడ్డారు, పెద్దనాన్న తాను ముందుగా ప్లేటు తీసుకుని "తినండమ్మా, చల్లారిపోతుంది" అనేదాకా. ఆయన నోట ఆ మాట వినడం అదే మొదలు.

ఆయన పోయి చాలాకాలమైంది. ఇప్పుడు మా సంఘంలో వెనక గోడ మీద ఎర్ర అంకెల గడియారం ఉంది. ప్రార్థన చేసేవారికి మూడు నిమిషాలు, అది తగ్గుతూ కనిపిస్తుంది. ఎవరికైనా జబ్బు చేస్తే వాట్సాప్‌లో పెడతారు, నిమిషం తిరక్కుండానే చేతులు జోడించిన బొమ్మలు అరవై, డెబ్భై వస్తాయి. నేనూ పెడతాను. దాన్ని తప్పుపట్టను, గొలుసు ప్రార్థనకి పేరిచ్చినప్పటి మా తొందర కన్నా అదేం తక్కువది కాదు. కాకపోతే బొమ్మ పెట్టాక ఆ పేరు ఒక కాగితం మీద రాసి, నిమిషంపాటు చూస్తాను. నాకు పైకి ప్రార్థన చేయడం ఈనాటికీ రాదు, రెండో వాక్యం దగ్గర ఆగిపోతాను. ఇరవై నాలుగు గంటల ప్రార్థనకి నాలుగు నిమిషాల గొంతు వచ్చింది. అది ఎక్కువా తక్కువా, అసలు దానికీ దీనికీ సంబంధం ఉందా అని ఎన్నోసార్లు లెక్కవేయబోయాను. ప్రతిసారీ ముప్పై మూడు దగ్గర ఆగిపోయిన యంత్రం గుర్తొచ్చి మానేశాను. అది ఇప్పటికీ నా సొరుగులో ఉంది, అదే అంకె మీద. పొరపాటున ఎవరైనా నొక్కుతారని పైన టేపు వేశాను.

నిన్న జెస్సీకి ఫోన్ చేశాను. పెద్దమ్మ ఇప్పుడు మా ఇంట్లోనే ఉంటుంది, చెవి కాస్త తగ్గిందని స్పీకర్లో పెట్టాను.

"పేరు వద్దమ్మా," అన్నాను. "ఆ గడిలో 'గంట' అని వెయ్యి."

"గంట అంటే బెల్లా, అవరా, అంకుల్? ఇంగ్లిష్‌లో కూడా వెయ్యాలి కదా."

పెద్దమ్మ ఫోను దగ్గరికి వంగింది.

"ఎవరది, జెస్సీనా? పిజ్జా అన్నావంట. పిజ్జా కాదమ్మా అది. దోసె."

"దోసెనా?" అంది జెస్సీ. అవతల కీబోర్డు టకటకా మోగింది. "ఓకే అమ్మమ్మా. టైప్ చేశా."

పెద్దమ్మ నవ్వడం మొదలుపెట్టింది. నవ్వీ నవ్వీ కళ్ళు తుడుచుకుని, "ఆ రోజు ఆయనకి ఆకలే అనుకున్నాన్రా నేను," అంది. జెస్సీ "హలో? హలో?" అంటోంది. ఇద్దరం ఫోను ముందు కూర్చునే ఉన్నాం, టైము చూసుకోకుండా.